కిచెన్ క్యాబినెట్లకు ఏ రంగు? తెలుపు, బూడిద, ఆకుపచ్చ, నీలం మధ్య తేల్చుకోవడం ఎలా

షేడ్ కార్డు కాసేపు పక్కన పెట్టండి. ముందు వంటింట్లో మార్చే ఉద్దేశం లేనివేమిటో చూసుకోవాలి: గట్టు మీది రాయి, నేల, గోడ టైల్స్, ఫ్రిజ్, చిమ్నీ. కొత్త క్యాబినెట్లు కొనకుండా రంగుతో సరిపెట్టుకుంటున్నారంటే ఇవన్నీ ఎలాగూ ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త రంగు వీటి పక్కన ఇమడాలి. కార్డులో ఎంత ముచ్చటగా ఉన్నా, గట్టు రాయి పక్కన వెలవెలబోయే రంగుతో ప్రయోజనం లేదు.

గోడ రంగు నచ్చకపోతే ఒక సెలవురోజు చూసుకుని మళ్లీ వేసేసుకోవచ్చు. క్యాబినెట్ల సంగతి వేరు. తలుపులు ఊడదీయడం, జిడ్డు వదలగొట్టడం, ఉప్పు కాగితంతో రుద్దడం, ప్రైమరు, రెండు కోట్లు, ఆపైన వారాల తరబడి గట్టిపడనివ్వడం... షేడ్ తప్పితే ఈ తతంగమంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే క్యాబినెట్ల రంగు ముందు తేల్చుకుని, గోడ రంగును దానికి తగ్గట్టు చూసుకోవడం నయం.

ఎంపికకు ఒక వరుస ఉంది. ఎంత లేత, ఎంత ముదురు అన్నది మొదట. తర్వాత లోఛాయ, అంటే షేడ్‌లో దాగి ఉన్న మరో రంగు. ఆ తర్వాత తలుపులు దేంతో చేసినవి అన్న ప్రశ్న. తెలుపా, నీలమా, ఆకుపచ్చా అన్న మాట వచ్చేది చివర్లో. చాలామంది ఆ చివరిదాంతోనే మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే.

ఎంత లేత, ఎంత ముదురు

పెయింట్ కంపెనీలు చాలావరకు ప్రతి షేడ్‌కూ ఎల్‌ఆర్‌వి అనే అంకె ఇస్తాయి. తన మీద పడిన వెలుతురులో ఆ రంగు ఎంత శాతం తిప్పి పంపుతుందో అది చెబుతుంది. 0 అంటే కటిక నలుపు, 100 అంటే సంపూర్ణమైన తెలుపు. నిజంగా డబ్బాల్లో దొరికే తెలుపులు 80 నుంచి 93 దాకా ఉంటాయి. ముదురు నీలాలు, బొగ్గు రంగులు సుమారుగా 4 నుంచి 10 మధ్య.

వంటింట్లో కంటికి ఎదురుగా కనబడేది ఎక్కువగా క్యాబినెట్లే. వాటి అంకె 75 నుంచి 8కి దిగిందంటే గది వెలుతురు తగ్గడం ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పట్టపగలు లైటు వేయకుండా గట్టు మీద పని చేసుకోగలుగుతున్నారా? లేదంటే పైవరుస క్యాబినెట్లకు 60కి తక్కువ ఉన్న షేడ్ జోలికి పోకండి. కిటికీ పెద్దది, వెలుతురు ధారాళంగా వస్తుందంటే ఈ పట్టింపు అక్కర్లేదు.

గట్టు రాయికీ కింది క్యాబినెట్లకూ మధ్య తేడా కూడా ఇక్కడే చూసుకోవాలి. తేడా స్పష్టంగా ఉండాలి, లేదా అసలే ఉండకూడదు. నల్ల రాయి కింద తెల్ల క్యాబినెట్లు బాగుంటాయి, నల్ల రాయి కింద బొగ్గు రంగు క్యాబినెట్లూ బాగుంటాయి. నడిమి బూడిద రాయి కింద దానికంటే ఒక్క మెట్టు తక్కువగా ఉన్న బూడిద క్యాబినెట్లు మాత్రం మ్యాచింగ్ కోసం ప్రయత్నించి కుదరక వదిలేసినట్టు కనబడతాయి. ఎల్‌ఆర్‌విలో 25, 30 అంకెల తేడా ఉంటే ఆ ఇబ్బంది రాదు.

లోఛాయ

తెలుపు అని అమ్మే షేడ్లలో దాదాపు అన్నింటిలోనూ మరో రంగు కాస్తో కూస్తో కలిసి ఉంటుంది. కొన్నింటిలో పసుపు, కొన్నింటిలో నీలం, కొన్నింటిలో గులాబీ, ఆకుపచ్చ లేదా బూడిద. అదే లోఛాయ, పెయింటర్ల మాటలో అండర్‌టోన్. డబ్బా మూత తీసి చూస్తే అది తెలియదు. ఇరవై తలుపుల మీద పరుచుకున్నాక మాత్రం దాచినా దాగదు.

ఒక షేడ్‌ను ఒంటరిగా చూస్తే లోఛాయ చిక్కదు. నాలుగైదు తెల్ల షేడ్ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వాటి కింద మామూలు ప్రింటర్ కాగితం పరవండి. ఒకటి గులాబీ వైపు, ఇంకొకటి పసుపుగా, మరొకటి నీలంగా విడిపోతూ కనబడతాయి. ఆ కాగితాన్ని అచ్చమైన తెలుపు అనుకోవద్దు. మెరుపు కోసం కలిపే రసాయనాల వల్ల అదీ కాస్త నీలంగానే ఉంటుంది. పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. బూడిద రంగుల విషయంలో ఇంకో దారి ఉంది. ఒకే రంగు లేత నుంచి ముదురు దాకా ఉన్న షేడ్ పట్టీలో అడుగున ఉన్న ముదురు ముక్కను చూడండి. పైన అమాయకంగా కనబడే లేత బూడిద, అడుగున తన అసలు రంగు చెప్పేస్తుంది. నీలమో, ఆకుపచ్చో, ఊదానో అక్కడ స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు గట్టు రాయి దగ్గరికి రండి. రాయిలో గోధుమ, పసుపు చుక్కలు ఉన్నాయనుకుందాం. దాని పక్కన నీలం లోఛాయ ఉన్న తెలుపు పెడితే క్యాబినెట్లు తళతళలాడతాయి, రాయి మాత్రం తుడవని గట్టులా మాసినట్టు కనిపిస్తుంది. లోపం రాయిలో లేదు. చల్లటి తెలుపు పక్కన ఉన్నప్పుడు దానిలోని పసుపును కన్ను ఎక్కువ చేసి చూస్తుంది. అదే రాయి పక్కన కాస్త పసుపు కలిసిన ఆఫ్‌వైట్ పెడితే రెండూ హాయిగా సర్దుకుంటాయి. గులాబీ జాడ ఉన్న టైల్స్ పక్కన ఆకుపచ్చ లోఛాయ ఉన్న బూడిద పెట్టినా ఇలాగే తగాదా పడతాయి. టైల్స్ ఇంకా గులాబీగా, బూడిద ఇంకా పచ్చగా తేలతాయి.

రాయిలో రంగులు చాలా ఉంటే దేన్ని పట్టుకోవాలి? అందులో అక్కడక్కడ మెరిసే నీలి చుక్క నచ్చిందని దాన్ని బట్టి క్యాబినెట్లకు నీలం వేస్తుంటారు. రెండు మీటర్ల దూరంలో నిలబడితే ఆ చుక్క కనబడదు. అంత దూరం నుంచి రాయి మొత్తం ఏ రంగుగా అనిపిస్తుందో దానికి కుదిరేదాన్నే చూడాలి.

తెల్ల ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఇలాంటి సామాన్ల తెలుపు సాధారణంగా చల్లటి తెలుపు. దాని పక్కన క్రీమ్ రంగు తలుపు వేస్తే, నిన్న వేసిన రంగు కూడా ఏళ్ల కిందట వేసి పచ్చబడినట్టు ఉంటుంది. స్టీలు రంగు సామాన్లతో ఈ గొడవ లేదు.

వెలుతురు

రంగు ఎంచుకోకముందే బల్బులు మార్చుకోండి, ఎంచుకున్నాక కాదు. బల్బు వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు. 2700 కెల్విన్ బల్బు పసుపు వెలుగిస్తుంది. దాని కింద క్రీమ్ వెన్నలా మారుతుంది, లేత నీలం ఆకుపచ్చ వైపు జరుగుతుంది, ముదురు నీలం దాదాపు నల్లబడుతుంది. 6500 కెల్విన్ దగ్గర తెలుపు నీలంగా, మనుషుల ముఖాలు పాలిపోయినట్టుగా ఉంటాయి. వంటింటికి 3000 నుంచి 4000 మధ్య అయితే రంగులు పెద్దగా మోసం చేయవు. సీఆర్‌ఐ (బల్బు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న బల్బులు తీసుకుంటే ఎరుపులు, గోధుమ రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. పైవరుస క్యాబినెట్ల అడుగున బిగించిన పట్టీ లైటు ఒక రకం, సీలింగ్ లైటు ఇంకో రకం అయితే ఒకే తలుపు పైన ఒక రంగు, కింద ఒక రంగు అనిపిస్తుంది. రెండింటికీ ఒకే కెల్విన్ ఉండేలా చూసుకోండి.

షాపులో టైల్ ముక్కకు సరిగ్గా కలిసిన షేడ్ ఇంటికొచ్చాక కలవకపోవడానికి కారణం కూడా వెలుతురే. వేర్వేరు పిగ్మెంట్లతో చేసిన రెండు వస్తువులు ఒక దీపం కింద ఒకే రంగుగా కనబడి, ఇంకో దీపం కింద విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. షాపు ఎంత నమ్మకమైనదైనా తుది నిర్ణయం ఇంట్లో, ఆ గదిలోనే తీసుకోవాలి.

నేరుగా ఎండ పడని కిటికీ నుంచి వచ్చే వెలుతురు కాస్త నీలంగా ఉంటుంది. అలాంటి గదిలో నీలం జాడ ఉన్న బూడిద వేస్తే వంటిల్లు చలిచలిగా అనిపిస్తుంది. ఎండ బాగా పడే గదికి చల్లటి షేడ్లు సరిపోతాయి, పసుపు ఎక్కువున్నవి అక్కడ మరీ పచ్చగా తేలతాయి. ఎర్ర నేల ఉంటే దాని మీద పడ్డ వెలుతురు కింది తలుపులకు కొంత ఎరుపు పూస్తుంది. కిటికీ బయట గుబురుగా చెట్లుంటే గదిలోకి ఆకుపచ్చ వస్తుంది. ఇవన్నీ షేడ్ కార్డు చెప్పని సంగతులు.

తలుపులు దేంతో చేసినవి?

ఒకే తెలుపు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) మీద ఒకలా, ఓక్ చెక్క మీద ఇంకోలా ప్రవర్తిస్తుంది. రంగు నిర్ణయంలో దీనికి చాలామంది చోటివ్వరు. పని చేసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇదే.

ఓక్, చెర్రీ, మహాగని లాంటి చెక్కల్లో టానిన్ అనే సహజమైన రంగు పదార్థం ఉంటుంది. నీళ్ల ఆధారిత ప్రైమరు నేరుగా వేస్తే టానిన్ నీటిలో కరిగి పైకి వస్తుంది. తెల్ల కోటు ఆరిన కొన్ని గంటలకో, కొన్ని రోజులకో పసుపు-గోధుమ మరకలు తేలతాయి. పైన ఇంకో కోటు వేస్తే అందులోంచీ వస్తాయి. పైన్ చెక్కలోని ముడులదీ ఇదే వరస, అక్కడ బంక కూడా తోడవుతుంది. షెల్లాక్ ప్రైమరు లేదా మరకలు ఆపే ఆయిల్ ప్రైమరు వేయడమే మందు. లేత రంగు కావాలంటే ఈ ఖర్చుకు సిద్ధపడాలి. ముదురాకుపచ్చ, బొగ్గు రంగుల కింద ఈ మరక కనబడదు.

ఓక్ నారల గాడి లోతుగా ఉంటుంది. రంగు వేసినా గీతలు గీతలుగా పైకి తెలుస్తూనే ఉంటుంది. కొందరికి అది ఇష్టమే. నున్నగా కావాలంటే ఆ గాళ్లను పూడ్చే గ్రెయిన్ ఫిల్లర్ రెండు దఫాలు పూసి రుద్దాలి. మెరిసే ముగింపు అయితే ప్రతి గీతా లెక్కపెట్టుకునేలా కనబడుతుంది, కొద్దిపాటి మెరుపుండే శాటిన్‌లో కాస్త మరుగున పడుతుంది.

ఫ్రేము, మధ్యలో పలక ఉన్న చెక్క తలుపుల్లో తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంగుతుంది. అతుకుల దగ్గర వెంట్రుకంత పగులు పడుతుంది. అది పెయింటు లోపం కాదు. తెల్ల తలుపు మీద ఆ పగులు నల్ల గీతలా కనిపిస్తుంది, నడిమి రంగుల మీద దాన్ని ఎవరూ పట్టించుకోరు. ముదురు రంగు వేసిన తలుపులో మధ్య పలక చలికాలంలో కుంచించుకుంటే అంచున రంగు తగలని లేత చెక్క సన్నని పట్టీలా బయటపడుతుంది. దీనికి విరుగుడు ఉంది: పలక అంచులకు ముందుగా, కుదిరితే పలక కుంచించుకుని ఉన్న కాలంలో, ఆ రంగే పూయడం.

ఎండీఎఫ్‌కు కదలిక తక్కువ. తెలుపుకు దీన్ని మించింది లేదు. అయితే కోసిన అంచులు పెయింటును పీల్చేసి గరుకుగా తేలతాయి. అంచులకు ప్రైమరు రెండుసార్లు, మధ్యలో 220 నంబరు కాగితంతో రుద్దడం తప్పదు. లామినేట్, మెలమైన్ తలుపులకు నున్నటి పొరకు అంటుకునే బాండింగ్ ప్రైమరు ఉండాలి. థర్మోఫాయిల్ (తలుపు మీద వేడితో అతికించిన ప్లాస్టిక్) పొర ఇప్పటికే అంచుల దగ్గర లేస్తుంటే దానిమీద ఏ రంగు వేసినా వృథా. పొర తీసేయాలి, లేదా తలుపే మార్చాలి.

రంగు రంగుకీ పోలిక

*తెలుపు, ఆఫ్‌వైట్.* చిన్న గదికి, వెలుతురు తక్కువున్న గదికి ఇదే ముందు వరుస. ఏ గోడ రంగుతోనైనా సర్దుకుంటుంది. హ్యాండిళ్ల చుట్టూ చేతి మురికి, స్టవ్వు పక్క తలుపుల మీద నూనె చినుకులు, పైన చెప్పిన పగుళ్లు, టానిన్ మరకలు అన్నీ కనిపించేది కూడా దీనిమీదే. దుమ్ము మాత్రం కనబడదు. రోజూ ఒక తుడుపు తుడిచే అలవాటున్న ఇంటికి తెలుపు తేలికైన రంగు. వారానికోసారి తుడిచే ఇంటికి చిరాకు పెట్టే రంగు. మురికిని బయటపెడుతుంది కాబట్టే శుభ్రంగా ఉంటుందనే వాదన కూడా ఉంది, అదీ నిజమే. ఎల్‌ఆర్‌వి 90 దాటిన తెలుపుల్లో కలరెంట్, అంటే షేడ్ కోసం కలిపే రంగు, దాదాపు ఉండదు. పాత ముదురు రంగును కప్పడానికి మూడో కోటు పట్టవచ్చు. 80, 85 దగ్గరివి కంటికీ పనికీ సుఖం.

*క్రీమ్, ఐవరీ.* గోధుమ రాయి, చెక్క నేల ఉన్నచోట బాగుంటాయి. తెల్ల ఫ్రిజ్, బూడిద టైల్స్ ఉన్నచోట వద్దు.

*బూడిద, గ్రేజ్.* బూడిద అంటే ఏ తగాదాలూ లేని రంగని పేరు. అసలు తగాదాలన్నీ దీంతోనే. లేత బూడిదలో లోఛాయ గదిలోని వెలుతురును బట్టి పైకొస్తుంది. పొద్దున నీలం, సాయంత్రం ఊదా. బూడిదలో కొంచెం గోధుమ కలిపిన గ్రేజ్ ఇంత గొడవ పెట్టదు. మురికి, దుమ్ము, చిన్న గీతలు మూడింటినీ దాచడంలో 40 నుంచి 60 మధ్య ఎల్‌ఆర్‌వి ఉన్న గ్రేజ్‌ను మించిన రంగు లేదని చెప్పొచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో కింది వరుసకు మేమైతే ముందు దీన్నే చూస్తాం.

*ఆకుపచ్చ.* తెలుపు వద్దు, రంగు కావాలి, కానీ నాలుగేళ్లకే మొహం మొత్తకూడదు అనుకునేవాళ్లకు బూడిద కలిసిన ఆకుపచ్చ, అంటే సేజ్ లేదా నెమ్మదైన ఆలివ్, మంచి దారి. గోధుమ రాయితోనూ, నల్ల రాయితోనూ, చెక్క నేలతోనూ పొసుగుతుంది. ఇత్తడి రంగు హ్యాండిళ్లూ నప్పుతాయి, స్టీలువీ నప్పుతాయి. ఎంచుకునేటప్పుడు కార్డులో చప్పగా, బూడిదలా అనిపించేదే తీసుకోండి. పెద్ద విస్తీర్ణంలో పచ్చదనం దానంతటదే పెరుగుతుంది. కార్డులోనే ఉల్లాసంగా ఉన్న ఆకుపచ్చ వంటిల్లంతా పరుచుకుంటే తెల్ల గోడలు, సీలింగ్ కూడా పచ్చబడతాయి.

*నీలం.* ముదురు నీలం పగలు రాజసంగా ఉంటుంది. రాత్రి పసుపు లైటు కింద నలుపుకూ దానికీ తేడా తెలియదు. నీలంగానే కనబడాలంటే నచ్చిన షేడ్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోవాలి. తెల్ల రాయి, తెల్ల టైల్స్ ఉన్నచోట దీనికి సాటి లేదు. పసుపు-గోధుమ రాయి పక్కన మాత్రం రాయిని నారింజ చేసి చూపిస్తుంది. లేత నీలాల్లో బూడిద కలవనివి తొందరగా విసుగు పుట్టిస్తాయి.

*నలుపు, బొగ్గు రంగు.* దుమ్ము, జిడ్డు వేలిముద్రలు, నీటి చుక్కలు ఆరిన మచ్చలు, కింద లేతగా కనబడే గీతలు, అన్నీ బయటపడతాయి. ముదురు రంగు మురికిని దాస్తుందనుకోవడం పొరపాటు. వంటింటి మురికి నడిమి రంగులో ఉంటుంది కాబట్టి దాన్ని దాచేది నడిమి రంగే. ఎండ నేరుగా తగిలే తలుపులు నలుపులో బాగా వేడెక్కుతాయి, అతుకుల కదలికా పెరుగుతుంది. నల్లగా కావాలంటే ఒక్క మధ్య గట్టుకో, కింది వరుసకో పరిమితం చేయండి.

*ఎరుపు, పసుపు, నారింజ.* ఈ రంగుల ప్రకాశవంతమైన పిగ్మెంట్లు చాలావరకు పారదర్శకంగా ఉంటాయి. రెండు కోట్లతో కింది పొర కప్పబడదు, మూడో నాలుగో పడతాయి. ఎరుపు కింద తెల్ల ప్రైమరుకు బదులు బూడిద కలిపిన ప్రైమరు వేస్తే ఒక కోటు ఆదా అవుతుంది. కిటికీ పక్క తలుపులు మిగతావాటికంటే ముందు వెలిసిపోవచ్చు. కాషాయపు మట్టి రంగులు, ఇటుక రంగు అలా కాదు. వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ పిగ్మెంట్లు బాగా కప్పుతాయి, ఎండకూ తట్టుకుంటాయి.

రెండు రంగులు వేసే ఆలోచన ఉంటే పైన లేత, కింద ముదురు అన్న పాత సూత్రం ఇప్పటికీ సరైనదే. పైన ముదురైతే గది నెత్తిమీద పడ్డట్టుంటుంది. రెండు షేడ్ల లోఛాయ ఒకే వైపు ఉండాలి: వెచ్చటి తెలుపు కింద ఆలివ్, చల్లటి తెలుపు కింద ముదురు నీలం. మూడో రంగు జోలికి వెళ్లకండి. రాయి, నేల, టైల్స్ ఇప్పటికే మూడు రంగులు.

మెరుపు, పెయింటు రకం

మ్యాట్ చూడటానికి బాగుంటుంది, కానీ జిడ్డు పట్టేస్తుంది. గట్టిగా తుడిస్తే ఆ చోట నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. ముదురు మ్యాట్‌లో అది మరీ ఎక్కువ. బాగా మెరిసే గ్లాస్ ముగింపును తేలిగ్గా తుడుచుకోవచ్చు, అయితే పక్కనుంచి వెలుతురు పడినప్పుడు పుట్టీ గుంటలు, కుంచె గీతలు అన్నీ పైకి వస్తాయి. క్యాబినెట్లకు శాటిన్, మహా అయితే సెమీ గ్లాస్. మెరుపు మారితే రంగూ మారినట్టుంటుంది. అదే ముదురు నీలం మ్యాట్‌లో కాస్త వెలిసినట్టు, గ్లాస్‌లో ఇంకా లోతుగా కనబడుతుంది. కాబట్టి నమూనా కూడా మీరు వేయబోయే మెరుపులోనే ఉండాలి.

తెలుపు వేయాలనుకునేవాళ్లు ఆయిల్ ఎనామిల్‌తో జాగ్రత్త. అది చీకట్లో పసుపు పచ్చగా మారుతుంది. ఎండ తగిలే పైవైపు తెల్లగా, తలుపు లోవైపు క్రీమ్‌లా తయారవుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు దీన్ని ఇంకా తొందరపెడతాయి. మంచి నాణ్యత ఉన్న నీళ్ల ఆధారిత యాక్రిలిక్, యురెథేన్ కలిపిన ఎనామిళ్లు ఇలా పచ్చబడవు. మామూలు గోడ ఎమల్షన్ మాత్రం తలుపులకు వాడొద్దు. ఆరినా జిగట పూర్తిగా పోదు, తలుపు వెళ్లి ఫ్రేముకు అంటుకుంటుంది, తీసినప్పుడు పొర ఊడొస్తుంది. పైగా హ్యాండిల్ చుట్టూ చేతి నూనెకు మెత్తబడుతుంది.

ముదురు షేడ్లను డీప్ బేస్‌లో కలుపుతారు. అందులో కప్పే తెల్ల పిగ్మెంటు చాలా తక్కువ, కలరెంట్ చాలా ఎక్కువ. ఆ మోతాదు కలరెంట్ వల్ల పొర గట్టిపడటానికి తెలుపు కంటే ఎక్కువ రోజులు పడుతుంది, గోరు తగిలితే గీత పడుతుంది. ముదురు రంగు ఎంచుకుంటే ఆ ఓపిక కూడా లెక్కలో వేసుకోవాలి. తాకితే ఆరినట్టుండటం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. రెండోదానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు తడి బట్టతో రుద్దవద్దు. తలుపు మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అంటించండి.

నమూనా వేసి చూడటం

మూడు షేడ్లకు మించి వద్దు. 30×40 సెంటీమీటర్ల బోర్డు ముక్కలకు ప్రైమరు, ఆపైన రెండు కోట్లు, అంచుల దాకా వేయండి. చుట్టూ తెల్ల అంచు వదిలితే కన్ను ఆ తెలుపుతో పోల్చుకుని రంగును తప్పుగా చదువుతుంది. పాత తలుపు మీదే నేరుగా చిన్న చతురస్రం గీయడమూ వద్దు, అదే కారణం.

బోర్డును బల్ల మీద పడుకోబెట్టి చూడకూడదు, పైనుంచి వెలుతురు పడి లేతగా కనబడుతుంది. తలుపు నిలబడినట్టే నిలబెట్టాలి. కింది క్యాబినెట్ల చోట రాయికి ఆనించి ఒకసారి, పైవరుస చోట టైల్స్ పక్కన ఒకసారి. పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక. మూడు వేళల్లోనూ ఇబ్బంది పెట్టనిదే తీసుకోవాలి. ఒక్క వేళలో అద్భుతంగా ఉండి మిగతా రెండు వేళల్లో వేరే రంగైపోయేది వద్దు. మీరు ఎక్కువసేపు వంటింట్లో ఉండేది రాత్రిపూటే అయితే ఆ వేళ మాటకు బరువు ఎక్కువ. ఆఖరికి మిగిలిన షేడ్‌ను ఒక నిజమైన తలుపుకు పూర్తిగా వేసి, బిగించి, హ్యాండిల్ కూడా పెట్టి రెండు రోజులు ఉంచండి.

హ్యాండిళ్లు మార్చే పని ఉంటే అదీ ఇప్పుడే తేల్చాలి. పాతదాని రంధ్రాల మధ్య దూరం 96 మిల్లీమీటర్లు, కొత్తదానికి 128 అయితే పాత రంధ్రాలు పుట్టీతో పూడ్చి, కొత్తవి ప్రైమరుకు ముందే తొలవాలి. రంగు వేశాక తొలిస్తే అంచు పెచ్చు లేస్తుంది. సెమీ గ్లాస్ తెలుపులో పూడ్చిన చోటు తెలియకుండా ఉండాలంటే పుట్టీ రెండుసార్లు పెట్టాలి, ఆరాక మొదటిది కుంగుతుంది.

ఎంత కొనాలి

20 తలుపులు, ఒక్కోటి 40×70 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు వైపులా కలిపి 11.2 చదరపు మీటర్లు. 60×20 సైజు సొరుగు ముఖాలు ఆరు, రెండు వైపులా 1.4. ఫ్రేములు, పక్క పలకలు మరో 3.5. మొత్తం సుమారు 16 చదరపు మీటర్లు. లీటరు ఒక కోటుకు దాదాపు 10 చదరపు మీటర్లు వస్తుంది. రెండు కోట్లకు 3.2 లీటర్లు, వృథా కలుపుకుని 4 లీటర్లు తీసుకోవాలి. ప్రైమరు 2 లీటర్లు. మూడో కోటు పట్టే ముదురు లేదా ఎర్ర షేడ్ అయితే ఐదున్నర లీటర్ల దాకా చూసుకోండి. డబ్బా మీద రాసిన విస్తీర్ణం దీనికి తేడాగా ఉంటే ఆ అంకెనే నమ్మండి.

మొత్తం ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరులో కొనాలి. డబ్బాలు రెండుంటే పెద్ద బకెట్లో పోసి కలిపేశాకే పని మొదలుపెట్టాలి. యంత్రంతో కలిపినా డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా రావచ్చు. పక్కపక్క తలుపుల మీద అది తెలిసిపోతుంది. జిడ్డు పూర్తిగా కడగకుండా ప్రైమరు వేస్తే స్టవ్వు చుట్టుపక్కల తలుపుల మీద రంగు చేప కళ్లలా గుంటలు పడుతుంది. ఏ షేడ్ అయినా ఇది తప్పదు. కడిగి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరాక 150 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. కోటుకూ కోటుకూ మధ్య 220.

మిగిలిన పెయింటు చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, షేడ్ కోడు, బేస్, మెరుపు, తేదీ రాసి పెట్టుకోండి. సగం ఖాళీ డబ్బాలో ఉంచితే మీద తెట్టు కడుతుంది. పెచ్చు లేచిన చోట సన్న కుంచెతో ఆ గుంట వరకే అద్దాలి. చుట్టూ పూస్తే శాటిన్‌లో ఆ మరమ్మతు వేరే మెరుపుతో తేలుతుంది. ఆయిల్ ఎనామిల్ తెలుపు వేసి ఉంటే, ఏడాది తర్వాత సీసాలోంచి తీసిన రంగు తలుపు మీది రంగు కంటే తెల్లగా ఉండొచ్చు. అప్పుడు ఒక్క మచ్చ కోసం ఆ తలుపు ముఖమంతా ఒక కోటు వేయక తప్పదు.